క్షురధారయు, తోలుపట్టెయు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావ్యాప్తిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, మన యువకుల యుద్యోగములను గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. అవి యన్నియు ముఖ్యవిషయములే. నన్నును అట్టిదే యొకటి చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత శబ్దములును, సంధిసూత్రములును వల్లెవేయించినవాడను. కత్తి చేతబట్టి జీవించినవాడను గాను. అట్టి నేను ఒక తోలుముక్కను గూర్చి మాటలాడ నెంచుట కొందరికి వింతగా నుండవచ్చును. కాని ఆ తోలుముక్క లేనిదే మన తాతల పొదిలో కత్తికి పదును లేదు. పదును లేనిదే వృత్తి లేదు. ఆ వృత్తి లేనిదే నాకు చదువును లేదు. మా తండ్రిగారు గడ్డములు గీచి తెచ్చిన డబ్బుతోనే నాకు అమరకోశము కొనిపెట్టిరి. కావున ఈ విషయమున నేను అధికారిని కాకున్నను ఋణస్థుడను. ఆ ఋణమును కొంత తీర్చుకొనుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

ఈ ప్రసంగమునకు కారణమైన సంగతిని మొదట మనవి చేసెదను. గత సంవత్సరము నా తమ్ముని కుమారుడు నాయొద్దకు వచ్చెను. అతడు పట్టణమున సెలూను నడపుచున్నాడు. అతని సెలూనుకు వచ్చు పెద్దమనిషి యొకరు తమ తాతగారి కత్తిని, జర్మనీదేశమున జోలింగెన్ పట్టణమున చేసినదానిని, పెట్టెలోనుండి తీసి తెచ్చి, "అబ్బాయీ! దీనితో నేనే గడ్డము గీచుకొనవలెనని కోరిక. మీరు తరతరములుగా ఈ పని చేయువారు గదా! దీనికి పదును పెట్టి యిమ్ము" అని యడిగిరట. మావాడు ఉత్సాహముతో ఒప్పుకొనెను. ఇంటనున్న పాత సానరాతిపై జాగ్రత్తగనే నూరెను. రాతిమీదినుండి దిగినప్పుడు ఆ కత్తి ముంజేతి వెండ్రుకలను తీయుచునే యుండెను. పిమ్మట టెలిఫోనులో బొమ్మ చూచి, రెండువేల రూపాయలకు పైగా వెచ్చించి, ఇత్తడి ఉంగరములును, అందమైన కుట్టును గల తోలుపట్టె నొకదానిని తెప్పించి, దానిపై నలువదిసార్లు లాగెను. లాగినకొలది కత్తి మొద్దుబారెను. మరల రాతిపై పెట్టెను, మరల పట్టెపై లాగెను, మరల మొద్దుబారెను. ఇట్లు మూడుమార్లు జరిగిన తరువాత, "పెదనాన్నా! రాయి చెడినదా? కత్తి చెడినదా?" యని రెండింటిని మూటగట్టుకొని నాయొద్దకు వచ్చెను.

నేను ఆ పట్టెను చేతబట్టి అరచేతితో రుద్దితిని. గాజువలె జారిపోయెను. బొటనవ్రేలితో నొక్కితిని. దూదివలె లోనికి దిగెను. కొనయందు కోసినచోట చూడగా లోపలి తోలు నీలివన్నెగా నుండెను. "నాయనా! రాయియు చెడలేదు, కత్తియు చెడలేదు, పట్టెయే మంచిది కాదు" అని చెప్పి, మా తండ్రిగారి పట్టెను పెట్టెలోనుండి తీసి, దుమ్ము దులిపి, అరచేతితో చాలసేపు రుద్ది యిచ్చితిని. దానిపై లాగిన పిమ్మట ఆ కత్తి పలికెను. కాని మూడుమార్లు అనవసరముగా రాతిపై అరిగిన ఉక్కు తిరిగి రాదు గదా! ఆ పెద్దమనిషి సంతోషించి వెళ్లిరి. నాకు మాత్రము "మీరు తరతరములుగా ఈ పని చేయువారు గదా!" యను వారి మాటయే చెవిలో నిలిచెను. ఆ నమ్మకము మన కులమునకు పెద్దలు విడిచిన ఆస్తి. దానిని మనము అరగదీయుచున్నామా యని నాకు దిగులు పట్టెను.

ఈ వస్తువును మనవారు తోలుపట్టె యనియు, హిందీ మాటలాడు ప్రాంతములవారు చమోటా యనియు, ఇంగ్లీషు చదివినవారు స్ట్రాపు అనియు చెప్పుదురు. పేరేదైనను దాని పని యేమో తెలిసిననే గాని దానిని ఎన్నుకొనుట తెలియదు. కావున మొదట దాని పనిని విచారింతము.

క్షుర మను శబ్దమునకు మూలమైన ధాతువునకు విలేఖనము, అనగా గీయుట, యని యర్థము. మనము తెలుగున గడ్డము గీయుట యనుచున్నాము; ఆ మాట యందును ఆ భావమే కలదు. గీయునది సన్నగా నుండవలెను. సుశ్రుతసంహితలోని సూత్రస్థానమున ఎనిమిదవ యధ్యాయము ఇరువది శస్త్రములను చెప్పి, ఏ పనికి ఏపాటి వాదర కావలయునో నిర్ణయించినది. చీల్చు శస్త్రమునకు మసూరపప్పు అంచు చాలును. ఛేదించు శస్త్రమునకు వెండ్రుకలో సగమంత సన్నని వాదర యుండవలెను. అంతటితో ఆచార్యుడు ఆగలేదు. శస్త్రమును నూరుటకు మినుపవన్నెగల నున్నని రాయిని చెప్పి, దానికి వేరుగా, వచ్చిన వాదరను నిలుపుటకు బూరుగుపలకను చెప్పెను. అంతయు నైన తరువాత రోమమును ఛేదించునదే మంచి శస్త్రమని పరీక్షయు చెప్పెను. మా తమ్ముని కొడుకు ముంజేతిపై చేసిన పరీక్ష యదియే! సోదరులారా, నూరుట వేరు, నిలుపుట వేరు అను ఈ భేదమే మన విషయమునకు ప్రాణము. రాయి ఉక్కును అరగదీసి వాదరను కల్పించును. పట్టె క్రొత్తగా వాదరను కల్పించదు. రాయి యిచ్చినదానిని నిలుపును, ఒరిగినదానిని సరిదిద్దును, తుడిచి మెరుగు పెట్టును. సుశ్రుతుని బూరుగుపలక చేసిన పనినే మన పొదిలో తోలుపట్టె చేసినది.

వాదర ఏల ఒరుగును? తలవెండ్రుక మందము సుమారు 50 మొదలు 100 మైక్రానులు. మైక్రా ననగా మిల్లీమీటరులో వేయవ వంతు. చక్కగా నూరిన కత్తి వాదర ఒక్క మైక్రానుకన్నను సన్ననిది. అంత సన్ననైన ఉక్కు, గడ్డపు వెండ్రుకల రాపిడికిని, నీటి తడికిని, తుప్పునకును నిలువజాలదు. ఉక్కుకన్న వెండ్రుక సుమారు ఏబదిరెట్లు మెత్తనిది; అయినను అది ఉక్కును చెరచును. ఈ చిత్రమును అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయపు పరిశోధకులు సూక్ష్మదర్శినితో చూచి, 2020వ సంవత్సరమున సైన్స్ పత్రికలో ప్రకటించిరి. వెండ్రుక వంగి వాలుగా తగిలినప్పుడు, ఉక్కులోని సమత్వము లేనిచోట్ల వాదర పెచ్చులూడునని వారు చూపిరి. నీటితో నానబెట్టి గడ్డమును మెత్తపరచుమని మన పెద్దలు ఏల పట్టుబట్టిరో దీనివలన తెలియుచున్నది. పెచ్చు ఊడిన వాదరకు రాయియే మందు. పట్టె మందు కాదు. కాని ప్రతిదినమును కలుగు చిన్న యొరుగుదలలను పట్టె సరిచేయుచుండిననే, రాతిపనిని నెలలకొలది వాయిదా వేయవచ్చును. మంచి పట్టెవలన కత్తికి ఆయువు పెరుగునని యనుట ఇందుకే.

ఇక ఎన్నిక. మా తండ్రిగారు పట్టెను కొనునపుడు అయిదు సంగతులు చూచెడివారు. వారి మాటలకు నేను తరువాత తెలిసికొన్న కారణములను చేర్చి మనవి చేయుదును.

మొదటిది, తోలు ఊరిన విధము. తోలును రెండు విధముల పదునుచేయుదురు. చెట్ల చెక్కలతోను కాయలతోను ఊరవేయుట యొకటి. క్రోమియ మను లోహపు లవణములతో చేయుట మరియొకటి. మన దేశమున తంగేడుచెక్కయు, తుమ్మచెక్కయు, కరక్కాయయు వేసి లందలో దినములకొలది ఊరవేసెడివారు. ఇట్లు చేసిన తోలు గట్టిగా, చదునుగా, సాగకుండ నుండును. లోపలివరకు గోధుమవన్నెగా నుండును. గోటితో నొక్కినచో గుర్తు నిలుచును. క్రోమియముతో చేసిన తోలు తరచుగా మెత్తగా, సాగునదిగా నుండును. కోసి చూచినచో లోపల నీలివన్నెయో బూడిదవన్నెయో కనబడును. చెప్పులకును సంచులకును అది మంచిదే కావచ్చును. కాని కత్తి దానిపై నడచునపుడు తోలు దిగి, వాదరకు ఎదురుగా లేచును. అందువలన వాదర గుండ్రబడును. మా తమ్ముని కొడుకు కొన్న పట్టె దోషము ఇదియే. కావున కోసిన అంచును చూడక పట్టెను కొనరాదు. అంచునకు రంగుపూసి దాచినచో, అడుగుభాగమును చూడవలెను.

రెండవది, తోలు ఏ జంతువుది, ఆ జంతువు శరీరమున ఏ భాగపుది యనునది. వీపుమీది తోలు దట్టముగా నుండును. పొట్టతోలు వదులుగా నుండి సాగును. కావున వీపుతోలే కావలెను. ఎద్దుతోలు సామాన్యముగా దొరకును, నమ్మదగినది. గేదెతోలు మందముగా, గట్టిగా నుండును గాని దాని రోమకూపములు పెద్దవి. నునుపుచేయుటకు ఓపిక కావలెను. పాశ్చాత్యులు గుఱ్ఱపుతోలును, అందును పిరుదులవద్ద నుండు దట్టమైన పొరను, మిక్కిలి మెచ్చుకొందురు. స్పెయిను దేశమునందలి కోర్డోబా నగరమునుబట్టి దానికి కోర్డోవన్ అని పేరు. షికాగో నగరమున 1905లో స్థాపింపబడిన హోర్వీన్ కర్మాగారము ఆ తోలును సిద్ధముచేయుటకు ఆరునెలలు తీసికొనును. అందువలననే దాని వెల యెక్కువ. అది గొప్పదే యైనను, అది లేకున్న గడ్డము గీయుట సాగదని యెవరును భ్రమపడరాదు. మన తాతలు ఎద్దుతోలుమీదనే జీవితములు గడిపిరి.

మూడవది, మీదితట్టు. వెండ్రుకలుండిన తట్టు నున్నగా నుండును. ఆ తట్టుపైననే కత్తిని లాగవలెను. దానిపై రంగుపూతగాని, మెరుగుపూతగాని యుండరాదు. వాడని కొనపై ఒక్క నీటిబొట్టు వేసి చూడుడు: పూతలేని తోలుపై ఆ చోటు నల్లబడి బొట్టు మెల్లగా ఇంకును, పూతగల తోలుపై ముత్యమువలె నిలుచును. గోమారుల కాటులు, ముద్రవేసిన మచ్చలు, గుంటలు, ముడుతలు ఉన్నవేమో పగటివెలుతురున ఏటవాలుగా పట్టి చూడవలెను. పిమ్మట అరచేయి పెట్టి మెల్లగా లాగవలెను. తోలు చేతిని కొంచెము పట్టి విడువవలెను. ఈ పట్టును మా తండ్రిగారు "తోలు మాటలాడుట" యనెడివారు. పట్టు ఎక్కువైనచో చేయి త్వరగా అలయును. బొత్తిగా లేనిచో పట్టెయున్నను లేనట్లే. కొందరి చేతికి పట్టు ఎక్కువగలది కుదురును, కొందరికి తక్కువగలది కుదురును. అది రుచిభేదము, దోషము కాదు.

నాల్గవది, కొలత. కత్తివాదర పొడవు సామాన్యముగా మూడంగుళములకు లోపుగా నుండును. పట్టె వెడల్పు మూడంగుళములున్నచో వాదర యంతయు ఒక్కసారి దానిపై ఆనును. రెండు, రెండున్నర అంగుళముల పట్టెతోను పని జరుగును గాని, కత్తిని మడమనుండి కొనవరకు వాలుగా జరుపుచు లాగవలెను. అది అలవాటు మీద వచ్చు నేర్పు. పనికివచ్చు పొడవు పదునారు మొదలు పదునెనిమిది అంగుళములకు తక్కువ కారాదు. మందము మూడు మిల్లీమీటరుల ప్రాంతమున నున్న చాలును. నేలపై పరచి చూచినపుడు అంచులు దోనెవలె పైకి లేవరాదు.

ఐదవది, కట్టు. వ్రేలాడదీయు పట్టె యొకటి. కొయ్యపలకకు అంటించిన పట్టె యొకటి. వ్రేలాడు పట్టెను కొక్కెమునకు తగిలించి, రెండవకొనను బిగించి పట్టవలెను. సడలినచో ఉయ్యాలవలె వంగి వాదరను గుండ్రపరచును. పలకపట్టె సడలదు, కావున క్రొత్తగా నేర్చువారికిని ప్రయాణము చేయువారికిని అదియే మేలు. వ్రేలాడు పట్టెకు వెనుక తట్టున గట్టి నారగుడ్డగాని మందపు నూలుగుడ్డగాని జతగా నుండుట మంచిది. మొదట గుడ్డపై ఇరువదిసార్లు లాగినచో అంటియున్న మురికియు, సన్నని తుప్పును పోవును. పిమ్మట తోలుపై నలువది ఏబదిసార్లు లాగవలెను. ఉంగరములు ఇత్తడివా, కుట్టు పట్టుదారముదా యనునవి కడపటి సంగతులు. మనము మొదట చూచునవి యవే యగుటయే మన మోసపాటునకు మూలము.

ఇచట ఒక మాట. క్రొత్తగా నేర్చువాడు ఎన్నడును మిక్కిలి వెలగల పట్టెను కొనరాదు. మొదటి పట్టె కోతపడక మానదు. నేను పండ్రెండేండ్లవాడనై యుండగా, మా తండ్రిగారు లేని సమయమున వారి కత్తి తీసి పట్టెపై లాగితిని. వారివలె వేగముగా లాగవలెనని కోరిక! కొనవద్ద కత్తిని వెన్నుమీద దొర్లించుటకు మారుగా వాదరమీద దొర్లించితిని. తోలుపై అర్ధచంద్రాకారపు గాటు పడెను. తండ్రిగారు వచ్చి చూచిరి, కొట్టలేదు, తిట్టలేదు. నురుగురాతితో ఆ గాటు అంచులను సరిచేసి, నా అరచేతిని దానిపై పెట్టి, "ఇది నున్నబడువరకు దినము నీవే రుద్దవలెను" అనిరి. నెలరోజులు సాయంకాలమున బడినుండి వచ్చి రుద్దితిని. అపుడు వారు చెప్పిన మాట: "వెన్ను ముందు, వాదర వెనుక, తిప్పునపుడు వెన్నుమీదనే తిప్పవలెను. తొందరపడినవాడు తోలును కోయును." పాణినీయమున నేను నేర్చిన సూత్రములలో కొన్ని మరచితిని, ఈ సూత్రమును మరువలేదు. ఆ గాటు గుర్తు నేటికిని ఆ పట్టెపై నున్నది. మా తమ్ముని కొడుకు కత్తిని బ్రతికించినది ఆ పట్టెయే.

పట్టెను కాపాడుట ఎన్నుటకన్న సులభము. కత్తిని తడిలేకుండ తుడిచి గాని పట్టెపై పెట్టరాదు. వాడుటకు ముందు అరచేతితో పదిసార్లు రుద్దవలెను. చేతి వేడియు, చేతి జిడ్డును దానికి చాలిన ఆహారము. తోలు మరీ ఎండినచో పశువుల కాళ్లనుండి తీసిన నూనె నాలుగు చుక్కలు ఏడాదికి ఒకటి రెండుమార్లు పట్టించవచ్చును. వంటనూనెలు పూయరాదు, అవి కంపుపట్టును, తోలును మెత్తపరచును. వానకాలమున ప్లాస్టికు సంచిలో చుట్టిపెట్టినచో బూజుపట్టును; గాలితగులు నీడపట్టున వ్రేలాడదీయవలెను. క్రోమియము భస్మమువంటి పచ్చని ముద్దను పూసి లాగుట కొందరి యాచారము. దానిలోని రేణువులు సుమారు అర మైక్రాను ప్రమాణము గలవి. అవి ఉక్కును నిజముగా అరగదీయును. కావున అది నిలుపుట కాదు, నూరుటయే. దానికి వేరుగా ఒక పలక నుంచుకొనవలెను గాని దినము లాగు తోలుపై పూయరాదు.

ఇప్పుడు కొందరి మనసులో నున్న ప్రశ్నకు వచ్చుచున్నాను. "మాస్టారూ! నేడు సెలూనులలో పట్టె యెక్కడ నున్నది? అర్ధబ్లేడును పిడిలో పెట్టి గీచి పారవేయుచున్నాము. ఈ పురాణమేల?" అని యడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. మార్చి పారవేయు బ్లేడునకు జిల్లెట్ అను అమెరికను 1904లో పేటెంటు పొందెను. ఆ తరువాత ఇండ్లలో పాతకత్తి క్రమముగా మూలబడెను. మన యంగళ్లలో అది మరికొంతకాలము నిలిచెను. 1986లో మదరాసున హెచ్.ఐ.వి. మన దేశమున మొదటిసారి కనుగొనబడిన పిమ్మట, ఒకరిని గీచిన కత్తితో మరియొకరిని గీయరాదను భయము జనులలో వ్యాపించెను. అది మంచి భయము. కామెర్లను కలిగించు హెపటైటిస్ బి యను క్రిమి శరీరము వెలుపల ఏడుదినములైన బ్రతుకగలదు. కంటికి కానరాని రక్తపుచుక్క చాలును. ఉక్కును కాచి శుద్ధిచేయవచ్చును. తోలును కాచజాలము, చెక్కతో ఊరిన తోలు మరుగునీటిలో ముడుచుకొని పాడగును. కావున పదిమందిని గీచు కత్తిని ఒక్క పట్టెపై లాగుట నేడు ఎంతమాత్రము తగదు. తిరుమల కల్యాణకట్టలో భక్తునకు టోకెనుతోపాటు బ్లేడు నిచ్చుటయందలి వివేకము ఇదియే. పాతదానిమీది ప్రేమచేత ఎవరైనను అంగడిలో మరల పట్టెను వ్రేలాడదీసి అందరికి వాడినచో, అది పెద్దలను గౌరవించుట కాదు. వచ్చినవారికి ద్రోహము చేయుట. మన పూర్వులు క్షౌరముతోపాటు వైద్యమును చేసినవారు. మన యింటి స్త్రీలు మంత్రసానులై ఎన్నియో ప్రాణములను భూమికి దింపినవారు. అట్టి కులమువారికి శౌచమును గూర్చి యితరులు చెప్పవలసిన యగత్యము రాకూడదు.

అయినచో పట్టెకు స్థానమేది? ఒక మనిషి, ఒక కత్తి, ఒక పట్టె. ఇదియే నేటి ధర్మము. తన గడ్డమును తానే పాతకత్తితో గీచుకొనవలెనని కోరువారు నేడు చదువుకొన్న యువకులలోను బయలుదేరుచున్నారు. వారికి కత్తి కొనుటకు డబ్బున్నది. నూరుటకు చేయి లేదు. వారు మనయొద్దకు రాక మరియెవరియొద్దకు పోవుదురు? వారి కత్తిని మొదట శుద్ధిచేసి, రాతిపై వాదర తెచ్చి, వారి పట్టెపైననే లాగి చూపి, పట్టెను ఎన్నుకొనుట నేర్పి పంపినచో, అది ఒక గౌరవమైన జీవనోపాయము. దానికి సంకోచింపక తగిన ప్రతిఫలము పుచ్చుకొనవచ్చును. కాని ఆ పని చేయవలెనన్న మొదట మనకు తెలిసియుండవలెను గదా! బొమ్మను చూచి పట్టెను కొనువాడు పరులకు ఏమి నేర్పగలడు?

మరియొక ఋణమును చెప్పి ముగించెదను. మన పట్టె ఆకాశమునుండి ఊడిపడలేదు. ఊరి చివర లందలో, దుర్వాసన సహించి, చేతులు కాయలు కాయ తోలును ఊరవేసిన చర్మకార సోదరులు దానిని మనకిచ్చిరి. వారు లేనిదే మన కత్తికి వాదర నిలువదు. లోకము మనలను ఎంగిలిమాటలతో పిలిచినపుడు మనకు బాధ కలిగెను. వారిని అంతకన్న హీనముగా పిలిచినపుడు మనము చాలమార్లు ఊరకుంటిమి. మా తండ్రిగారు మాత్రము పట్టె తెచ్చిన ముసలివానిని అరుగుమీద కూర్చుండబెట్టి, గడ్డము గీచి, పట్టెవెల వేరుగా ఇచ్చి పంపెడివారు. ఇరుగుపొరుగులు గొణిగిననూ వారు లెక్కచేయలేదు. ఆ చర్మకారుల విద్య అల్పమైనది కాదు. మన తంగేడుచెక్కతో ఊరిన తోళ్లు మదరాసు రేవునుండి ఓడలెక్కి లండను సంతలకు పోయినవి. 1948లో మదరాసున కేంద్ర చర్మపరిశోధనాలయము స్థాపింపబడెను. గుంటూరు మండలపు పల్లెలో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు దానికి అధిపతియై, తోలు శాస్త్రమున లోకప్రసిద్ధుడయ్యెను. తోలును ముట్టుట తక్కువ యనుకొన్న దేశమున, తోలునే జీవితశాస్త్రముగా చేసికొన్న ఆ మహనీయుని మనము స్మరింపవలెను. మన పట్టెను చేతబట్టినప్పుడెల్ల దానిని చేసిన చేతులును స్మరణకు రావలెను.

మహాసభవారికి నా మనవులు మూడు. మన యిండ్లలో పెట్టెల యడుగున నున్న పాత పట్టెలను, రాళ్లను, కత్తులను పారవేయక, వచ్చు మహాసభలో ఒక బల్లపై ప్రదర్శింపవలెను. పని తెలిసిన వృద్ధులు ఇంకను మనలో కొందరున్నారు. వారిని పిలిచి ఆ బల్లయొద్ద కూర్చుండబెట్టి, యువకుల అరచేతులను ఆ తోళ్లపై పెట్టించవలెను. తోలు పట్టును పుస్తకము నేర్పజాలదు. చేయి చేతికే నేర్పును. ఇక పోషకమహాశయులకు ప్రత్యేకముగా ఒక విన్నపము: మీరు విద్యార్థులకిచ్చు సాయముతోపాటు, చేతిపని నేర్చు ఇద్దరు ముగ్గురు యువకులకు మంచి రాయిని, మంచి పట్టెను బహుమానముగా ఇచ్చినచో, ఆ ధర్మమును చిన్నదిగా ఎవరును తలపరు.

కఠోపనిషత్తు ముక్తిమార్గమును చెప్పబోయి క్షురధారతో పోల్చినది. అంత గొప్ప విషయమునకు ఉపమానమైన వస్తువు మన పొదిలోనిది. ఆ వాదరను నూరినవారు వేరు, నిలిపినవారు వేరు కారు. ఇద్దరును మన పెద్దలే. వారు మనకు నూరి యిచ్చిన పేరును నిలుపుకొనుట యొక్కటియే మనకు మిగిలిన పని. మా తమ్ముని కొడుకు ఇపుడు పట్టెను కొనుటకు ముందు అంచును కోసి చూపుమని యడుగుచున్నాడు. ఈ సభలోని యువకులలో పదిమంది అట్లు అడిగినను నా ఋణము కొంత తీరినదని భావింతును.



స్వస్తి.